ఇప్పచెట్ల కింది ఏడో హోల్

పుష్పలత పుట్టింది వేంసూరు దగ్గర ఒక పల్లెలో. వాళ్ళ నాన్న మిరపతోట వేసేవాడు. ఆ తోటలో ఆయనకు పగవాడంటూ ఉంటే అది గరిక. ఎంత పీకినా మళ్ళీ మొలిచేది, ఎంత తవ్వినా వేరు ఎక్కడో మిగిలే ఉండేది. అలాంటి మనిషి, వ్యవసాయం డిప్లొమా చదివించి పెళ్ళి చేసి పంపిన కూతురు నెలజీతానికి గరిక పెంచుతోందని తెలిసి, ఫోన్‌లో ఆరా తీశాడు.

"కావాలనే పెంచుతున్నారా?" అన్నాడు.

"అవును నాన్నా. పెంచి, రోజూ కత్తిరిస్తాం."

"గేదెలకా?"

"కాదు. బంతి దొర్లడానికి."

ఆయన ఫోన్ పుష్పలత వాళ్ళమ్మ చేతికి ఇచ్చేశాడు.

పుష్పలత భర్త రమణ మణుగూరు బొగ్గుగనిలో డంపర్ నడుపుతాడు. పినపాక వైపు అడవిలో, గోదావరికి దగ్గరగా ఒక ఫ్యాక్టరీ, దానికో కాలనీ ఉన్నాయి. 2001లో ఆ కాలనీ గెస్ట్‌హౌస్ పూలతోట చూసుకోవడానికి పుష్పలత కాంట్రాక్టు మీద చేరింది. కాలనీ చివర, అడవి మొదలయ్యేచోట, ఫ్యాక్టరీ కట్టిన కొత్తలో ఇంజినీర్లు సరదాకొద్దీ వేసుకున్న గోల్ఫ్ మైదానం ఉండేది. పొడుగాటి కర్రతో చిన్న తెల్లబంతిని కొట్టుకుంటూ పోయి, దూరాన జెండా పాతిన గుంతలో వేయడమే ఆట. ఒక్కో గుంతకు ఒక్కో దారి. ఆ దారి మొత్తాన్నీ కలిపి హోల్ అంటారు. పెద్ద మైదానాల్లో అవి పద్దెనిమిది ఉంటాయి, ఇక్కడ తొమ్మిదే. గుంత చుట్టూ ఉండే చదునును అందరూ గ్రీన్ అంటారు గానీ, ఇక్కడ మాత్రం ఇసుకలో వాడేసిన ఇంజన్ ఆయిల్ కలిపి తొక్కించిన నల్లటి నేల ఉండేది. ఆడిన వాళ్ళ బూట్లకు ఆ జిడ్డు అంటుకుని క్లబ్బు మెట్ల దాకా వచ్చేది.

తర్వాత మైదానం పని కూడా పుష్పలతకే అప్పగించారు. ఆ నల్లటి చదునుల స్థానంలో గరిక మొలిపించింది ఆమే. ఇసుక మార్పించి, నీళ్ళు నిలవకుండా కింద గులకరాళ్ళు పోయించి, మొలకలు ఒక్కొక్కటీ నాటించింది. మొదటి వానాకాలం సగం కుళ్ళిపోయాయి. రెండో ఏడు అడవిపందులు తవ్విపోశాయి. మూడో ఏటికి తొమ్మిది గ్రీన్లూ పచ్చగా నిలబడ్డాయి. ఆ రోజు ఆమె చెప్పులు విప్పి వాటి మీద నడిచి చూసింది. ఆట ఆమెకు తెలియదు. గడ్డి మాత్రం తన బిడ్డలా అనిపించింది.

మైదానం మొత్తంలో అందరికీ గుర్తుండేది ఏడో హోల్. ఇటు గుట్ట మీద నిలబడి కొట్టాలి. మధ్యలో వాగు. వాగు అవతల నాలుగు పెద్ద ఇప్పచెట్ల నడుమ గ్రీన్. ఆ చెట్లు ఫ్యాక్టరీ కంటే చాలా ముందువి. ఎండాకాలం మొదట్లో తెల్లవారుజామున ఇప్పపువ్వు రాలుతుంది. దగ్గర్లోని కోయగూడెం ఆడవాళ్ళు కంచె సందులోంచి వచ్చి, ఆటగాళ్ళు నిద్ర లేవకముందే పువ్వంతా బుట్టలకెత్తుకుని వెళ్ళిపోయేవారు. వాళ్ళలో పెద్దది ముత్తక్క. వాళ్ళలో వాళ్ళు కోయలో మాట్లాడుకున్నా, పుష్పలత కనబడితే మాత్రం ఆమె తెలుగులోకి వచ్చేది. "ఏం బిడ్డా, నీ గడ్డి మంచిగున్నదా?" అని అడిగేది, పుష్పలత పశువులో కోళ్ళో పెంచుతున్నట్టు.

2006లో ఈ నిమ్మళానికి చిక్కొచ్చింది. ఫ్యాక్టరీ జనరల్ మేనేజర్ వెంకటరామారావు గారు గోల్ఫ్ పిచ్చివాడు, మనిషి మంచివాడు. ఎక్కడో మీటింగుకు వెళితే, తోటి మేనేజర్ ఒకడు "మీ అడవిలో గోల్ఫ్ ఆడేది కోతులా, మనుషులా?" అని నవ్వాడట. అది ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. ఒక క్రీడా పత్రిక దేశంలోని తొమ్మిది హోళ్ళ మైదానాలకు ర్యాంకులు ఇస్తోందని, పదింటి పేర్లే అచ్చువేస్తారని ఆయనకు తెలిసింది. పత్రిక తరఫున ఒకాయన మార్చి నెలాఖరున చూడటానికి వస్తున్నాడు.

"పుష్పలతా, మన పేరు అందులో రావాలి," అన్నాడాయన క్లబ్బు వరండాలో. "పచ్చగా, నున్నగా, తివాచీ పరిచినట్టు ఉండాలి. రాలిన ఆకు ఒక్కటి కూడా కనబడకూడదు."

"మార్చిలో పచ్చదనం కష్టమండీ. నీళ్ళు చాలవు."

"ట్యాంకర్లు పెట్టిస్తాను. ఇంకో మాట. ఆ ఏడో హోల్ దగ్గర ఇప్పచెట్లు. నీడకి గడ్డి పలచబడుతోంది, పువ్వు రాలి చెత్త. కొట్టించేద్దాం."

పుష్పలత అడ్డుపడింది. "సార్, అడవి చెట్లు. పర్మిషన్ రావాలంటే ఇప్పట్లో అవదు."

"సరే, ఆయన వచ్చిపోయాక చూద్దాం. ఈలోగా ఆ పువ్వులు ఏరేవాళ్ళను ఈ వారం రానివ్వకు. బయటివాళ్ళు బుట్టలతో తిరుగుతుంటే మార్కులు పోతాయి."

ఆ మాట ముత్తక్కకు పుష్పలతే చెప్పాల్సి వచ్చింది. ముత్తక్క అరవలేదు. బుట్ట చంకకు మార్చుకుంది.

"ఇప్పపువ్వు ఏడాదికి ఒక్కపారే పడ్తది బిడ్డా. మీ ఆట రోజూ ఉంటది గదా."

"నాకు తెలుసక్కా. ఒక్క వారం."

"వారం పోతే పువ్వే పోతది."

కంచె సందుకు ముళ్ళతీగ చుట్టించారు. పుష్పలత దగ్గర పనిచేసేవాళ్ళు గ్రీన్ మీద పడ్డ పువ్వులైతే ఊడ్చారు గానీ, చెట్ల కింద రాలిన పువ్వు ఎక్కడిదక్కడే పోగుపడింది. రెండో రోజుకే పులిసి, తియ్యటి మత్తువాసన వాగు ఇవతలికి కూడా కొట్టింది. మూడో రోజు గ్రీన్ పక్కన ఇసుకగుంత ఎవరో గోళ్ళతో గీరినట్టు ఉంటే, మళ్ళీ పందులే అనుకుని పుష్పలత దాన్ని చదును చేయించింది. ఎందుకో ఎవరికీ ఇంకేమీ తట్టలేదు.

పత్రిక తరఫున వచ్చినాయన పేరు ఉదయ్ భాస్కర్. హైదరాబాదు మనిషి, అరవై దాటినట్టున్నాడు, మాట తక్కువ. గెస్ట్‌హౌస్ కిరాయి తానే కట్టుకుంటానన్నాడు, బహుమతిగా పెట్టిన శాలువా వద్దన్నాడు. దాంతో వెంకటరామారావు గారికి భయం ఇంకా పెరిగింది.

మర్నాడు వెలుగు రాగానే ఆట మొదలైంది. వాళ్ళిద్దరూ ఆడుతుంటే లాలు కర్రల సంచి మోస్తున్నాడు. లాలు పక్క తండా మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. ఆ మైదానంలో సంచులు మోస్తూనే ఆట పూర్తిగా నేర్చుకున్నవాడు. గడ్డి గురించి అడిగితే చెప్పడానికి పుష్పలత వెనకాల నడుస్తోంది. ఉదయ్ భాస్కర్ ఆడే తీరు విచిత్రంగా ఉంది. మంచి దెబ్బ కొట్టాక కూడా ఇంకో బంతి తీసి కావాలనే పక్కకు కొట్టేవాడు. ఆ బంతి పడ్డచోటికి నడిచివెళ్ళి, అక్కడినుంచి జెండా వైపు చూస్తూ నిలబడేవాడు. ఎండకు అంచులు పసుపెక్కిన నాలుగో గ్రీన్ దగ్గర మాత్రం వంగి గడ్డిని వేళ్ళతో తాకాడు.

ఏడో హోల్ గుట్ట మీదికి వచ్చేసరికి ఆయన మొదటిసారి నవ్వాడు. బంతి వాగు దాటి చెట్ల కింద పడింది. వెంకటరామారావు గారిదీ దాటింది. అందరూ చెక్కవంతెన దాటి, అవతలి గట్టెక్కబోతుండగా లాలు ఆగిపోయాడు. చెయ్యి వెనక్కి పెట్టి అందరినీ ఆపాడు.

"మేడం," అన్నాడు గొంతు పైకి రాకుండా. "గుడ్డెలుగు."

చెట్టు మొదట్లో నల్లటి కంబళి పోగు పడినట్టు ఉంది. అది కదిలింది. పెద్ద ఎలుగుబంటి, తల వంచి ఇప్పపువ్వు జుర్రుకుని తింటోంది. దాని వీపు మీద, జుట్టు పట్టుకుని, పిల్ల.

పిల్లతల్లి ఎలుగుబంటి ఎంత ప్రమాదమో ఆ అడవిలో తెలియనివాళ్ళు లేరు. నలుగురూ వెనక్కి జరిగి వాగుగట్టు కింద కూర్చున్నారు. గాలి వాళ్ళ వైపుకే వీస్తోంది. జంతువు వాసన, పులిసిన పువ్వు వాసన కలిసి వస్తున్నాయి. పుష్పలతకు అప్పుడు వెలిగింది. ఇన్నేళ్ళూ తెల్లారేసరికి పువ్వు ఉండేది కాదు. పువ్వు లేదు కాబట్టి ఇది ఎప్పుడూ ఇంత లోపలికి రాలేదు. వారం రోజులుగా దానికి విందు పెట్టింది మనమే. ఇసుకలో గీతలు పందులవి కావు.

"కదలొద్దు," అన్నాడు ఉదయ్ భాస్కర్ మెల్లగా. "తిని పోతుంది."

నిజంగా అది తినిపోయేదే. కానీ అంతలో అడవి వైపు కంచె దగ్గర చీర రంగు కనబడింది. ముళ్ళతీగ పైకెత్తి ఒకామె వంగి లోపలికి వచ్చింది. వెనక ఇంకో ఇద్దరు. ముందున్నది ముత్తక్క. బుట్ట నెత్తిన పెట్టుకుని, నేల చూసుకుంటూ, నేరుగా ఆ చెట్టు వైపే నడుస్తోంది. మధ్యలో పొదలు అడ్డం. ఆమెకు ఎలుగుబంటి కనబడదు. దానికి ఆమె కనబడదు. ఇంకాసేపట్లో ఎదురెదురు పడతారు.

పుష్పలత ఆలోచించింది ఏమీ లేదు. తర్వాత ఎవరు అడిగినా ఆమె అదే చెప్పింది. లాలు భుజాన ఉన్న సంచిలోంచి రెండు ఇనుప కర్రలు లాగి, గట్టెక్కి నిలబడి, ఒకదానికొకటి వేసి కొట్టింది. ఒంట్లో ఉన్న గొంతంతా పెట్టి అరిచింది.

"ముత్తక్కా! వెనక్కి పో! వెనక్కీ!"

ఎలుగుబంటి గిరుక్కున తిరిగింది. వెనక కాళ్ళ మీద లేచి నిలబడింది. దాని రొమ్ము మీద తెల్లటి మచ్చ స్పష్టంగా కనబడింది. పుష్పలత చేతులు ఆగడంలేదు. పక్కన ఇంకో చప్పుడు. లాలు కూడా లేచి కర్రలు మోగిస్తున్నాడు. తర్వాత ఉదయ్ భాస్కర్. ఆఖరికి వెంకటరామారావు గారు టోపీ తీసి ఊపుతూ, ఏ భాషలోనో ఆయనకే తెలియని కేకలు పెడుతూ వాళ్ళ పక్కకొచ్చి నిలబడ్డాడు. నలుగురూ ఒకే పెద్ద జంతువులా కనబడ్డారేమో. ఎలుగుబంటి ఒకసారి గుర్రుమంది. పిల్ల వీపు మీద అంటుకుపోయింది. అది నాలుగు కాళ్ళ మీదికి దిగి, వాగు వెంట, మనుషులు లేని దిక్కుకు పరుగెత్తి అడవిలో కలిసిపోయింది.

చప్పుడు ఆగింది. పొదల వెనకనుంచి ముత్తక్క గొంతు వచ్చింది. మండిపోతోంది ఆమెకు.

"ఏందే గింత మొత్తుకుంటున్నవ్? మేమేమన్న దొంగలమా? గంటలు గొట్టి తరుముతున్నరా?"

మిగతా ఇద్దరూ తమను పట్టుకోవడానికే ఆ గోల అనుకుని కంచె దాటి పారిపోయారట. ముత్తక్క మాత్రం పోట్లాడటానికే ముందుకొచ్చింది. వచ్చి, చెట్టు కింద అడుగుల గుర్తులు, చెదిరిన పువ్వు చూసి ఆగిపోయింది. నెత్తిమీది బుట్ట దించింది.

"గుడ్డెలుగా?"

పుష్పలత కర్రలు పడేసింది. వెళ్ళి ఆమెను గట్టిగా పట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తనకే తెలియలేదు. ముత్తక్క ఆమె వీపు నిమురుతూ, "పోయింది తియ్, పోయింది. నాకేం గాలే బిడ్డా," అంటూ ఉండిపోయింది.

ఉదయ్ భాస్కర్ గట్టు మీద చతికిలబడి నీళ్ళు తాగుతున్నాడు. వెంకటరామారావు గారు ఆయన పక్కన కూలబడ్డాడు. "క్షమించాలి. మీకేమన్నా అయ్యుంటే..." అని, నీరసంగా, "ఇక మార్కుల సంగతి మర్చిపోవచ్చు," అన్నాడు.

"ఎందుకు?"

"గడ్డి ఎండింది. చెట్ల కింద చెత్త. పైగా ఎలుగుబంటి."

ఉదయ్ భాస్కర్ సీసా మూత పెట్టాడు. "రావుగారూ, అందరూ ర్యాంకు అంటే గడ్డికి ఇచ్చేది అనుకుంటారు. మేం చూసేవాటిలో అదొక్కటి మాత్రమే. బలంగా కొట్టేవాడికీ, తెలివిగా కొట్టేవాడికీ ఇద్దరికీ దారి ఉందా? తప్పు కొట్టినవాడు మళ్ళీ కోలుకోగలడా, లేక అక్కడితో అయిపోయిందా? ఒక హోల్ ఇంకోదానిలా ఉందా, దేని ముఖం దానిదేనా? అందుకే నేను బంతిని అటూ ఇటూ పారేశాను. నాలాంటివాళ్ళు చాలామంది వేరువేరుగా చూసి మార్కులిస్తారు, అవన్నీ కలిపి సగటు తీస్తారు. నా ఒక్కడి మాట చెల్లదు."

"మరి గొప్ప మైదానం అంటే?"

"ఇంటికి పోయాక మా ఆవిడ ఎలా ఉందని అడుగుతుంది. కళ్ళు మూసుకుని మొదటినుంచీ ఒక్కో హోలూ చెప్పగలిగితే గొప్పది. డబ్బు పోసి పచ్చగా చేసినవి చాలా చూశాను. మర్నాటికి ఒక్కటీ గుర్తుండదు." ఆయన ఇప్పచెట్ల వైపు తల ఎత్తాడు. "ఇది మాత్రం నేను పోయేదాకా మర్చిపోను. ఎలుగుబంటి రాకపోయినా మర్చిపోయేవాణ్ణి కాదు."

వెంకటరామారావు గారు చెట్ల వైపు కొత్తగా చూశాడు.

లాలు అప్పటికే ఉదయ్ భాస్కర్ బంతి కోసం వెతుకుతున్నాడు. అది పడ్డచోట లేదు. పక్కనే పువ్వుల్లో, తడి తడిగా దొరికింది. లాలు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, చాలా గంభీరంగా అడిగాడు.

"సార్, గుడ్డెలుగు జరిపితే ఏం రూలు సార్?"

"తీసి పాతచోటే పెట్టాలి. ఆటగాడిది కాదు తప్పు, పెనాల్టీ లేదు."

మొదట నవ్వింది వెంకటరామారావు గారే. ఆ నవ్వు ఆగక కళ్ళు తుడుచుకున్నాడు. అది చూసి అందరికీ నవ్వొచ్చింది. ఆట సంగతి తెలియని ముత్తక్క కూడా నవ్వింది. నవ్వుతూనే వంగి, బంతి చుట్టూ ఉన్న పువ్వు బుట్టలోకి ఎత్తి చోటు చేసింది.

ఉదయ్ భాస్కర్ వెళ్ళిన రోజే వెంకటరామారావు గారు పుష్పలతను పిలిపించాడు. ఆమె తన ఉద్యోగం పోయిందనే అనుకుని వెళ్ళింది. "ఆ ముళ్ళతీగ తీయించెయ్యమ్మా," అన్నాడాయన. "వాళ్ళను రోజూ రమ్మను. తెల్లారేసరికి చెట్ల కింద పువ్వు ఉండకూడదు." చెట్ల ఊసు ఎత్తలేదు. అడగడానికి ఆమెకూ ధైర్యం చాలలేదు.

ఎండాకాలం గడిచింది. వానలొచ్చి గరిక మళ్ళీ కమ్ముకుంది. తన కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో, గొడ్డలి వస్తుందో రాదో అనే బెంగ మాత్రం పుష్పలత మనసులో అలాగే ఉంది. గుట్ట వైపు ట్రాక్టర్ చప్పుడు వినబడితే చాలు, బయటికొచ్చి చూసేది. ముత్తక్క ఒకటి రెండుసార్లు అడిగింది, "చెట్లు ఉంటయా బిడ్డా?" అని. "ఏమో అక్కా," అనేది పుష్పలత.

ఆగస్టులో పత్రిక వచ్చింది. వెంకటరామారావు గారు దాన్ని చేతిలో పట్టుకుని, గొడుగు కూడా లేకుండా తడుస్తూ పుష్పలత పనిచేసే నర్సరీ షెడ్డుకు నడిచొచ్చాడు. పదింటిలో వాళ్ళది ఎనిమిదోది. గడ్డి నిర్వహణలో పదింటిలోకీ తక్కువ మార్కులు వాళ్ళవే. అది విని పుష్పలతకు చురుక్కుమంది. అయినా ఆయన ఆగకుండా చదివాడు. ఏడో హోల్ గురించి నాలుగు వాక్యాలు ఉన్నాయి. వాగు, ఆ పాత చెట్లు, వాటి నీడ లేకపోతే ఈ మైదానం ఈ పదింటిలో ఉండేది కాదని రాశారు.

"మరి చెట్లు సార్?" అంది పుష్పలత.

"ఏ చెట్లు? ముట్టుకుంటే చేతులు విరుగుతాయి," అన్నాడాయన. "ఇంకోటి. నిన్ను పర్మనెంట్ చేయమని పైకి రాశాను. గడ్డికి మార్కులు తక్కువొచ్చాయి కాబట్టి మనిషి కావాలి కదా." ఆ లాజిక్ ఆమెకు పూర్తిగా అర్థంకాలేదు గానీ, తల గట్టిగా ఊపింది.

ఆయన వెళ్ళాక షెడ్డులో ఎరువు సంచుల మీద కూర్చుంది. నెలల తరబడి భుజాల మీద ఉన్నదేదో దిగిపోయినట్టు ఒళ్ళంతా తేలికైంది. ఆకలి వేసింది. ఎన్నాళ్ళ తర్వాతో నిజంగా ఆకలి. టిఫిన్ డబ్బా తెరిచి, రమణ కోసం ఉంచిన అన్నం కూడా కలుపుకుని తినేసింది. సాయంత్రం, పత్రిక కబురు దారిలోనే విన్న రమణ ఇంటికొచ్చి ఖాళీ డబ్బా చూసి, "ర్యాంకు ఎంత?" అన్నాడు.

"ఎనిమిది."

"ఎంతమందిలో?"

"పదిమందిలో."

"మా డంపర్ డ్రైవర్లల్ల నేను గూడ గంతే," అని అతను నవ్వుతుంటే, ఆమె అతనికి వేడిగా అన్నం వండటానికి లేచింది.

రెండేళ్ళ తర్వాత ఆ పత్రిక మళ్ళీ ర్యాంకులు వేసింది. అందులో ఈ మైదానం పేరు లేదు. అప్పటికి వెంకటరామారావు గారు బదిలీ మీద వైజాగ్ వెళ్ళిపోయాడు. కొత్తాయనకు గోల్ఫ్ రాదు, కనుక ఎవరూ బాధపడలేదు. పుష్పలత ఉద్యోగం పర్మనెంట్ అయింది. మార్చిలో ముత్తక్క వాళ్ళు తెల్లవారుజామునే వచ్చి పోతున్నారు. ఎలుగుబంటి మళ్ళీ కంచె లోపల కనబడలేదు.

ఒకరోజు పొద్దున్నే ఆటగాళ్ళెవరూ లేనప్పుడు లాలు, "మేడం, ఇన్నేండ్లు గడ్డి పెంచిన్రు, ఒక్క బంతన్న కొట్టలేదు," అన్నాడు. ఆమె కొంగు నడుముకు దోపుకుని ఏడో హోల్ గుట్ట మీద నిలబడింది. అతను కర్ర ఎలా పట్టుకోవాలో చూపించాడు. మొదటిసారి గాలినే కొట్టింది. రెండోసారి బంతి లేచి, ఎండలో మెరిసి, నేరుగా వాగులో పడింది.

"ఇంకోటి ఇవ్వు," అంది పుష్పలత.